దివిసీమలో ఉప్పు ఊటనేల మీద శ్లాబు ఇంటికి పునాది ఎలా వేయాలి?

ప్రశ్న – నాగాయలంక వాసి

అందరికీ నమస్కారం. మాది కృష్ణా జిల్లా దివిసీమ. మా ఊరి నుంచి సముద్రం సుమారు ఆరు కిలోమీటర్లు ఉంటుంది. అయిదు సెంట్ల స్థలంలో అమ్మానాన్నల కోసం శ్లాబు ఇల్లు కట్టాలనుకుంటున్నాం. తర్వాత పైన ఇంకొక అంతస్తు వేసుకునే వీలు కూడా ఉండాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు మా నాన్నగారికి పదకొండేళ్లు. తాతగారి మట్టిగోడల ఇల్లు ఆనవాలు లేకుండా పోయిందని, గుడి అరుగు మెరక మీదికి చేరినవాళ్లే బతికారని ఆయన ఇప్పటికీ చెబుతుంటారు. అందుకే గోడలు, రంగుల సంగతి ఎలా ఉన్నా పునాది విషయంలో మాత్రం రాజీ పడవద్దని ఆయన పట్టుబడుతున్నారు.

పోయిన వారం నేల చూద్దామని ఒక గుంట తీయించాం. పైన రెండడుగుల దాకా కాలికి అంటుకునే నల్లమట్టి, దాని కింద బూడిదరంగు ఇసుకమన్ను వచ్చాయి. మూడున్నర అడుగుల దగ్గర పని ఆపేస్తే తెల్లవారేసరికి గుంటలో మోకాలి లోతు నీరు ఊరింది. నాలుక మీద వేసుకుంటే ఉప్పగా ఉంది. అయిదడుగులు తవ్వి నాలుగడుగుల చదరపు ఫుటింగులు (స్తంభాల అడుగున వేసే కాంక్రీటు దిమ్మెలు) వేస్తే చాలని, బోరు నీళ్లతోనే కాంక్రీటు కలపవచ్చని, ఊళ్లో అందరూ అలాగే కట్టుకున్నారని మేస్త్రి అంటున్నారు. తెలిసిన ఇంజనీరు ఒకరు పైల్స్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) వేయాల్సిందేనన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం – కాకినాడ స్ట్రక్చరల్ ఇంజనీరు

గుంట తీయించి చూడడం మంచి పని, అయితే మూడున్నర అడుగుల గుంట మీ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. కనీసం రెండు చోట్ల మట్టి పరీక్ష కోసం బోరు వేయించి, ఎంత లోతులో ఏ పొర ఉందో, నేల గట్టిదనం తెలియడానికి బరువుతో కొడితే ఎక్కడ ఎన్ని దెబ్బలకు గొట్టం దిగిందో, ఊటనీటిలో క్లోరైడు, సల్ఫేటు ఎంతెంత ఉన్నాయో రాయించుకున్న నివేదిక చేతికి వచ్చేదాకా ఫుటింగు కొలతల గురించి మాట్లాడడం తొందరపాటే. మీ మేస్త్రిగారు చెప్పిన నాలుగడుగుల కొలత పక్క ఊరి గట్టినేలకు సరిపోయి ఉండవచ్చు. మీ ఇసుకమన్ను వదులుగా ఉంటే అదే ఫుటింగు ఒక పక్కకు కుంగుతుంది.

తుఫాను అనగానే గాలి గుర్తుకొస్తుంది. ఆంధ్ర తీరానికి మన దేశపు నిర్మాణ ప్రమాణాల కోడ్ ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి తెస్తుంది. ఇనుప రేకుల కప్పు చదరపు మీటరుకు పది కిలోలైనా తూగదు కనుక ఎగిరిపోతుంది. అటువంటి ఇంటికి కప్పు నుంచి పునాది దాకా తెగని ఇనుప కట్టు ఉండి తీరాలి. మీ అయిదంగుళాల శ్లాబు చదరపు మీటరుకు మూడు వందల కిలోల పైమాటే కాబట్టి మీకు ఆ భయం తక్కువ.

మీరు అసలు భయపడవలసింది నీటికి. సెకనుకు మూడు మీటర్లు, అంటే మనిషి పరుగెత్తే వేగంతో వచ్చే నీరు ఆ తుఫాను గాలికి మూడు రెట్ల ఒత్తిడితో గోడను తోస్తుంది. పైగా అది పునాది పక్కనున్న మన్నును తవ్వుకుపోతుంది. ఫుటింగు మీద మట్టి కూడా బరువేనని లెక్కలో కలుపుకుంటాం కానీ, కోత పడిన రోజున ఆ మట్టి అక్కడ ఉండదు. నీటిలో మునిగిన కాంక్రీటు సైతం తేలికవుతుంది. ఘనపు మీటరుకు 2,500 కిలోలు తూగేది 1,500 కిలోల లెక్కకు దిగుతుంది. కాబట్టి ఏ పునాది ఎంచుకున్నా, నేల కొంత కొట్టుకుపోయి మిగిలినది మునిగి ఉన్న పరిస్థితికి కూడా లెక్క చేయమని మీ ఇంజనీరును అడగండి.

పైల్స్ విషయానికి వస్తే, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ నల్లరేగడి నేలల కోసం అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్స్ మన ప్రాంతంలో చాలామందికి తెలుసు. పైల్ అడుగున దాని కాండం కంటే దాదాపు రెండున్నర రెట్ల వెడల్పున గడ్డలాగా ఉబ్బు ఉంటుంది కాబట్టి అవి బరువునూ మోస్తాయి, పైకి లాగే బలాన్నీ ఆపుతాయి. అయితే ఆ ఉబ్బు బంకమట్టిలోనే నిలుస్తుంది. మీకు రెండడుగుల కిందే నీరున్న ఇసుకమన్ను తగిలింది కనుక ఉబ్బు తవ్వేలోపే గోడలు జారిపోవచ్చు. బోరు నివేదికలో కింద గట్టి బంకపొర కనిపిస్తే ఆ పైల్స్ వేయించండి. కనిపించకపోతే గోడలు జారకుండా బెంటొనైట్ అనే బంకమట్టి ద్రవం పోసి, బోరు తీసి వేసే తిన్నని పైల్స్ గానీ, ఇల్లంతా ఒకే పలకగా కూర్చునే రాఫ్ట్ గానీ ఆలోచించాలి. రాఫ్ట్ వేస్తే నీరు అంచు కింద తవ్వకుండా చుట్టూ లోతైన బీమ్ దింపాలి.

సమాధానం – కోనసీమ నుంచి

నాకు జరిగినది చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది. మా ఇల్లు అంతర్వేది వైపు, 2009లో కట్టాం. బోరు నీళ్లతోనే కాంక్రీటు కలిపారు, బేస్‌మెంటు నింపడానికి తీరం ఇసుక తోలించాం. అప్పట్లో అది చవగ్గా దొరికిందని సంతోషించాం కూడా. ఏడేళ్లకు ఈశాన్య మూల స్తంభం అడుగున వెంట్రుకంత నిలువు పగులు కనిపించింది. ప్లాస్టరు పగిలిందనుకొని సిమెంటు పూయించాం. మరో రెండేళ్లకు అక్కడ పెచ్చు ఊడి అరచేతిలోకి వచ్చింది. దాని లోపలి వైపు తుప్పు రంగులో చువ్వ ముద్ర అలాగే పడి ఉంది. నేల మట్టం నుంచి రెండడుగులు తవ్వించి చూస్తే, పన్నెండు మిల్లీమీటర్ల చువ్వ పెన్సిలు మందాన మిగిలింది. ఫుటింగులోని ఇనుప జాలీ కింద కవర్ బ్లాకులకు (ఇనుము చుట్టూ కాంక్రీటు మందం ఉండేలా పెట్టే దిమ్మెలకు) బదులు ఇటుక ముక్కలు పెట్టారు. ఒక ముక్క వేలితో నొక్కితే తడి పిండిలా నలిగింది. ఆ ఇటుకలోంచే ఉప్పునీరు నేరుగా ఇనుము దాకా వెళ్లింది.

తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచే చీల్చుతుందని మరమ్మతుకు వచ్చిన ఇంజనీరు చెప్పారు. నాలుగు స్తంభాలకు చెక్కి, ఇనుము కలిపి, చుట్టూ కొత్త కాంక్రీటు తొడిగించాం. మొదట మంచినీళ్ల ట్యాంకర్లకు ఖర్చెందుకని మిగుల్చుకున్న దానికి ఎన్నో రెట్లు దీనికే పోయింది. మీరు బోరు నీళ్ల జోలికి పోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

సమాధానం – హ్యూస్టన్ తెలుగు ఇంజనీరు

మాది అవనిగడ్డ దగ్గరి పల్లె. ప్రస్తుతం టెక్సాస్‌లో ఇళ్ల డిజైను పని చేస్తున్నాను. 2008 సెప్టెంబరు 13న ఐక్ హరికేన్ గాల్వెస్టన్ వద్ద తీరం దాటినప్పుడు బొలివార్ ద్వీపకల్పంలో నేల మట్టాన కట్టిన ఇళ్లు వరుసలు వరుసలుగా కొట్టుకుపోయాయి. ఎత్తైన స్తంభాల మీద నిలబెట్టినవి కొన్ని మిగిలాయి. ఇక్కడ అలల తాకిడి ఉండే మండలాల్లో ఇంటి కింది బీమ్ వరద మట్టానికి పైన ఉండాలి, ఇంటి బరువును మోయడానికి మట్టి మెరక పోయకూడదు, కింద ఏవైనా గోడలుంటే అవి నీటి ఒత్తిడికి వాటంతటవే విడిపోవాలి అనేది నియమం. స్తంభాలు మాత్రం నిలబడతాయి.

మీ ఊరు తీరానికి ఆరు కిలోమీటర్లు ఉంది కనుక ఇదంతా ఉన్నదున్నట్టు మీకు వర్తించదు. వయసు మళ్లినవారిని రోజూ పది అడుగుల మెట్లెక్కమని అనడమూ నాకు సమ్మతం కాదు. అయినా రెండు పనులు చేయవచ్చు. 1977 నీటి మట్టం మీ ఊళ్లో ఎక్కడి దాకా వచ్చిందో నాన్నగారికి గుర్తుంటే, ప్లింతును (నేల నుంచి ఇంటి గచ్చు దాకా ఉండే ఎత్తును) రోడ్డు నుంచి కాకుండా ఆ గుర్తును బట్టి ఎంతవరకు ఎత్తగలరో నిర్ణయించండి. శ్లాబు మీదికి బయటి నుంచి మెట్లు పెట్టి, ఆ మెట్ల పునాదిని విడిగా వదలకుండా ప్లింత్ బీమ్‌తో కలిపి వేయించండి. నీరు వచ్చిన రాత్రి మీవాళ్లు పైకెక్కవలసింది ఆ మెట్ల మీదుగానే. విడి పునాది మీద కూర్చున్న మెట్లు ముందుగా కుంగిపోతాయి.

ప్రశ్నించినవారు – నాగాయలంక వాసి

మీ అందరికీ కృతజ్ఞతలు. వచ్చే వారం బోరు పరీక్షకు మాట్లాడాను. నాన్నగారిని అడిగితే, మా గుడి ధ్వజస్తంభం పీఠం పై అంచు దాకా నీరు వచ్చిందని చెప్పారు. లెవెల్ పైపుతో కొలిచి చూస్తాను. ఇంకొక సందేహం. బోరు నీళ్లలో సగం కాలువ నీళ్లు కలిపితే సరిపోదా? ఇక ఊట ఆగని గుంటలో కాంక్రీటు పోసేది ఎలా?

సమాధానం – కాకినాడ స్ట్రక్చరల్ ఇంజనీరు

సరిపోదు. ఇనుము ఉన్న కాంక్రీటుకు కలిపే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండకూడదని మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 చెబుతుంది. సముద్రపు నీటిలో అది సుమారు 19,000 ఉంటుంది. అంటే వంద లీటర్ల మంచినీటిలో మూడు లీటర్ల సముద్రపు నీరు కలిసినా హద్దు దాటిపోతుంది. మీ బోరు నీరు ఎంత ఉప్పో తెలియకుండా సగం సగం అనుకోవద్దు. కాలువ నీటినే ట్యాంకర్లతో తెప్పించి, దానినీ ఒకసారి పరీక్ష చేయించి, కలపడానికీ తడపడానికీ అదే వాడండి. ఇసుక కూడా కృష్ణా నదిదే కావాలి.

ఉప్పు ఊటలో పూడుకుపోయే కాంక్రీటును అదే కోడ్ చాలా తీవ్రమైన పరిస్థితిగా లెక్కిస్తుంది. అందుకు ఎం35 అనే బలం గ్రేడు కాంక్రీటు, ఘనపు మీటరుకు కనీసం 340 కిలోల సిమెంటు, ఇనుము చుట్టూ 50 మిల్లీమీటర్ల కవర్ కావాలి. నీరు సిమెంటు బరువులో 0.45 వంతుకు మించకూడదు. యాభై కిలోల బస్తాకు 22న్నర లీటర్లు అన్నమాట, ఇసుకలోని తడితో కలిపి. మేస్త్రి బిందెతో పోసే అలవాటు ఇక్కడే దెబ్బతీస్తుంది. కొలత గీసిన బకెట్టు పెట్టించండి. అంత తక్కువ నీటితో కాంక్రీటు జారడానికి ప్లాస్టిసైజర్ వాడతారు. నీటికి తక్కువ చోటిచ్చే స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిపిన సిమెంటు గానీ, ఫ్లైయాష్ కలిపిన పీపీసీ సిమెంటు గానీ ఉప్పు నేలలో మేలు. సల్ఫేటును తట్టుకునే సిమెంటు కొనమని దుకాణంలో చెప్పవచ్చు, కానీ క్లోరైడు బాగా ఉన్నచోట అది ఇనుమును కాపాడడంలో వెనుకబడుతుంది. పూత పూసిన చువ్వల గురించి కూడా అడుగుతారు. వంచినచోటా కోసినచోటా పూత లేస్తే అక్కడే తుప్పు మొదలవుతుంది కనుక, ఆ డబ్బును కవర్ బ్లాకుల మీద, వైబ్రేటర్ మీద పెట్టడమే నా దృష్టిలో నయం.

ఊట గురించి: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య నీటి మట్టం తగ్గి ఉంటుంది, పునాది పని అప్పుడు పెట్టుకోండి. ఫుటింగు గుంటను ఒక వైపు అడుగున్నర ఎక్కువ తవ్వి, ఆ మూలలో అడుగు లోతు గొయ్యి తీసి, పంపు గొట్టం అందులో ఉంచాలి. ఫుటింగు మధ్యలోంచి నీరు తోడితే సిమెంటు పాలు కూడా దానితో పోయి కంకర మిగులుతుంది. అడుగున నాలుగంగుళాల బెడ్ కాంక్రీటు వేసి, గట్టిపడ్డాక పైన మందపాటి పాలిథిన్ పరిచి, దాని మీద కాంక్రీటుతోనే చేసిన బ్లాకులు పెట్టి జాలీ దించాలి. పోసే రోజున రెండో పంపు సిద్ధంగా ఉండాలి. ఒకటి మధ్యలో ఆగిపోతే గుంట నిండడానికి అరగంట కూడా పట్టదు. కాంక్రీటు పోసిన తర్వాత కనీసం ఒక రోజు పంపు ఆపవద్దు. పచ్చి కాంక్రీటును ఉప్పునీరు తాకకూడదు. తర్వాత పది రోజులు తగ్గకుండా, వీలైతే రెండు వారాలు, గోనెసంచులు కప్పి మంచినీటితో తడపండి. బోరు నివేదిక వచ్చాక ఇక్కడ పెడితే ఫుటింగా, పైలా, రాఫ్టా అనేది మళ్లీ చూద్దాం.