తాతల నాటి భవంతి: ఉంచుడా, బిల్డర్‌కిచ్చుడా?

గిర్మాజీపేట_మనుమడు:
వరంగల్‌ల మాది నిజాం కాలం నాటి ఇల్లు, మా ముత్తాత కట్టించిండు. నడుమ భవంతి, అంటే లోపలి వాకిలి, చుట్టు అర్రలు, టేకు మొగురాలు, పైన గూన పెంకలు. మేము ఇద్దరు అన్నదమ్ములం. అన్న బిల్డర్‌కిద్దామంటుండు, ఐదంతస్తులు లేపి సగం ఫ్లాట్లు ఇస్తరట. నేను వద్దంటున్న. పోయిన వానకాలం ఉత్తరం గోడ ఉబ్బింది. అన్నకు అదే సాకు దొరికింది. మీరేమంటరు?

హంటర్‌రోడ్_సివిల్:
ఇచ్చేయండి. 2020 ఆగస్టు వరదకు మా వీధిలో ఇలాంటి పాత ఇల్లే ఒక పక్క కూలింది. అప్పటికి లోపల మనుషులు లేరు కాబట్టి సరిపోయింది. ఉబ్బిన గోడ కింద పిల్లలను పడుకోబెట్టి వారసత్వం అంటే నేను ఒప్పుకోను.

సున్నపు_పని:
సివిల్ అన్నా, ఆ కూలిన గోడ సున్నపుదా, సిమెంటు పూసిన సున్నపుదా? మా ఇంట్ల మూడు తరాలు ఇదే పని. డంగు సున్నం అంటే సున్నం, ఇసుక గానుగల తొక్కించి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి నానబెట్టేది. గోడకు పట్టిన తేమ ఆ పూత నుంచి మెల్లగ బయటికి పోతది. పైన సిమెంటు పూస్తే తేమకు తొవ్వ ఉండదు. లోపలే ఉండి గోడను తింటది, తెల్లగ ఉప్పు పొక్కుతది. తమ్ముడూ, ఉబ్బిన కాడ సిమెంటు ఉన్నదా?

గిర్మాజీపేట_మనుమడు:
ఉన్నది. 1998ల నాన్న పూయించిండు. గోరుతో గీకితే తెల్లటి పొడి రాలుతది.

సున్నపు_పని:
ఇగ చూడుండ్రి. తప్పు ఇంటిది కాదు.

హంటర్‌రోడ్_సివిల్:
ఆ సున్నం పని ఇప్పుడెవరు చేస్తారు? వెయ్యిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పితే 2024కు గానీ తెరవలేకపోయారు. సర్కారుకే పద్దెనిమిదేళ్లు పట్టింది.

సున్నపు_పని:
అది రాతి మండపం. రాయి రాయి విప్పి, పునాది నుంచి మళ్ల నిలబెట్టిండ్రు. ఒక ఇంటి గోడకు దానితోని పోలికేంది?

కాజీపేట_జంక్షన్:
మా తాత పనిచేసిన ఆజంజాహి మిల్లు పోయింది. ఇండ్లన్న ఉంచుండ్రి.

గిర్మాజీపేట_మనుమడు:
పెద్ద దర్వాజ పక్కన దీపం గూడు ఉన్నది. ఏటా దసరకు సున్నమేస్తం. దీపావళి దాకా ఆగదు, మసి మళ్ల పైకి తేలుతది. నాలుగు తరాల దీపం అది. దాన్ని ఎట్ల కూలగొట్టుమంటరు?

తల్లిగారిల్లు:
ఆ గూట్ల దీపం పెట్టిందెవరు తమ్ముడూ? నీకు అక్కచెల్లెండ్లు లేరా?

గిర్మాజీపేట_మనుమడు:
ఇద్దరున్నరు అక్కా. పెండ్లిళ్లకు బంగారం పెట్టినం. ఇక్కడ ముచ్చట గోడది.

తల్లిగారిల్లు:
గోడది కాదు. హనుమకొండల మా ఇల్లు అమ్మేటప్పుడు నాకు చీర పెట్టి సంతకం తీసుకున్నరు. మొన్న ఒడిబియ్యం ఫంక్షన్ హాల్‌ల పోసిండ్రు. కుర్చీల నడుమ కూర్చుంటే ఏ గడప తొక్కి వచ్చిన్నో నాకే తెలువలేదు. 2005ల హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ తాతల ఆస్తిల ఆడబిడ్డకు పుట్టుకతోనే కొడుకుతో సమానంగ వాటా ఇచ్చింది. ఆనాటికి తండ్రి బతికి లేకున్నా హక్కు పోదని 2020ల సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందే పద్ధతి ప్రకారం పంపకాలైతే వేరే ముచ్చట. మీకు పంపకాలైనయా?

గిర్మాజీపేట_మనుమడు:
కాలేదు. పదేండ్లు అమ్మను చూసుకున్నది నేను. ఏటా పెంకలు సదిరించింది నేను. వాళ్లు బతుకమ్మకు వచ్చి నాలుగు రోజులుండి పోతరు. నా ఖర్చు ఎవరన్న అడిగిండ్రా?

హంటర్‌రోడ్_సివిల్:
నలుగురి సంతకాలు లేకుండా బిల్డర్ కూడా ముట్టుకోడు. ఇది మొదటే చెప్పాల్సింది.

తల్లిగారిల్లు:
నీ ఖర్చు లెక్క రాసి ముందు పెట్టు, ఎవరు కాదంటరు? ఇల్లు ఉండాలంటున్నవా, నీకే ఉండాలంటున్నవా?

గిర్మాజీపేట_మనుమడు:
అన్న వాటా కొననీకి నా దగ్గర పైసలు లేవు. ఇక అక్కచెల్లెండ్ల వాటాలు కూడా అంటే నేనే బయటికి పోవాలె. అందుకే వాళ్ల ముచ్చట తీయలే. ఇది ఇంట్ల కూడా ఎవరికి చెప్పలే.

(మరునాడు)

గిర్మాజీపేట_మనుమడు:
పెద్దక్కకు ఫోన్ చేసిన. వాటా మాట ఎత్తలే. ఉత్తరం అర్రల తన పెట్టె ఉన్నదట, తడిసిందా అని అడిగింది. ఆ పెట్టె అక్కదని నాకు తెలువదు, మీద పాత సంచులేసి పెట్టినం. తీసి చూస్తే అడుగు చెమ్మెక్కింది. వచ్చే ఆదివారం అందరిని రమ్మన్న.

సున్నపు_పని:
పెట్టె ఇయ్యాలనే ఇవతలి అర్రలకు మార్చు. గోడకు బలమైన కర్రలు ఆనించి పెట్టు, ఆ అర్రల ఎవరిని పండనీయకు. సిమెంటు ఇప్పుడే గీకకు, గోడ కదులుతది. ఆదివారం నేను కూడా వస్త.