డాక్టర్ లేని చోట ఏఐ ఒక్కటే తేల్చేస్తే తప్పా?

ఎక్స్‌రే టెక్నీషియన్:
పన్నెండేళ్లుగా ఎక్స్‌రేలు తీసే పనిలో ఉన్నాను. ఒక విషయం మీ ముందు పెట్టి వాదించుకోవాలని ఉంది.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక సిఫార్సు చేసింది. 15 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకు క్షయ స్క్రీనింగ్ చేసేటప్పుడు ఛాతీ ఎక్స్‌రేని డాక్టర్ బదులు కంప్యూటర్ ప్రోగ్రామే చదివినా సరేనంది. క్షయతో 2023 ఒక్క ఏడాదిలోనే 12 లక్షల మందికి పైగా చనిపోయారు. ఈ జబ్బు ఎక్కువగా ఉన్న చాలా చోట్ల ఎక్స్‌రే మిషన్ ఉంటుంది, దాన్ని చదివే రేడియాలజిస్టే ఉండడు.

ఇటు స్వీడన్ చూడండి. 80 వేల మంది మహిళలతో రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్ మీద ట్రయల్ చేశారు. అక్కడ మామూలుగా ఒక్కో మామోగ్రామ్‌ని, అంటే రొమ్ము ఎక్స్‌రేని, ఇద్దరు డాక్టర్లు చూస్తారు. ఏఐ రిస్కు తక్కువన్నవాటిని ఒక్కరే చూసేలా, ఎక్కువన్నవాటిని ఇద్దరూ చూసేలా మార్చారు. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం డాక్టర్లు చదవాల్సిన పని 44 శాతం తగ్గింది, దొరికే క్యాన్సర్లు మాత్రం తగ్గలేదు.

అంటే డబ్బున్న దేశంలో ఏఐ పక్కన కనీసం ఒక డాక్టర్, లేని దేశంలో ఒట్టి ఏఐ. ఇది అన్యాయమని కొందరంటున్నారు. డాక్టర్ వచ్చేదాకా ఆగమనడమే అంతకంటే పెద్ద అన్యాయమని నేనంటాను.

రాత్రి డ్యూటీ నర్సు:
టెక్నీషియన్ గారూ, మీ బాధ నిజమే. కానీ నేను చూసింది కూడా చెప్పాలి.

నేను పనిచేసే ఐసీయూలో సెప్సిస్‌ని, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే స్థితిని, ముందే పసిగట్టే ప్రోగ్రామ్ పెట్టారు. మొదటి వారం స్క్రీన్ మీద ఎర్ర బాక్స్ కనపడితే చాలు, పరుగెత్తేవాళ్లం. బీపీ చూడటం, చెయ్యి పట్టుకుని చల్లగా ఉందో వెచ్చగా ఉందో చూడటం, టెస్టుకి రక్తం పంపడం. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. నెల తిరిగేసరికి కన్ను చదవకముందే వేలు వెళ్లి బాక్స్ మూసేస్తోంది. ఒక రాత్రి ఒక పెద్దాయన విషయంలో అది అసలు మోగనే లేదు. ఆయన మాట తేడాగా ఉందని ఆయన భార్య వచ్చి చెప్పింది. స్క్రీన్ మాత్రం పచ్చగానే ఉంది. ఆవిడ మాట పట్టుకుని డాక్టర్‌ని నిద్ర లేపాను. సెప్సిసే. ఆయన బతికారు.

ఇది మా ఒక్కరి గోల కాదు. అమెరికాలో వందలాది ఆసుపత్రుల్లో వాడుతున్న ఇలాంటి ప్రోగ్రామ్‌ని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు తమ దగ్గరి రోగుల మీద పరీక్షించి 2021లో ప్రచురించారు. సెప్సిస్ వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతుల మందిని అది పట్టుకోలేకపోయింది. అయినా ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో 18 మందికి అలారం మోగించింది. తయారుచేసినవాళ్లు చెప్పిన లెక్క వేరు, మంచం దగ్గర తేలిన లెక్క వేరు.

మీరు చెప్పే చోట స్క్రీన్ పచ్చగా ఉన్నప్పుడు లేపడానికి ఎవరున్నారండీ?

కోడ్ రాసే మనిషి:
తయారుచేసే వైపు నుంచి ఒక మాట. 1990లలో అమెరికాలో న్యుమోనియా వచ్చినవాళ్లలో ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో చెప్పే మోడళ్లు కట్టారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం తక్కువ అన్న రూలు అందులో తేలింది! డేటా అబద్ధం కాదు. ఉబ్బసం ఉన్న మనిషికి న్యుమోనియా వస్తే నేరుగా ఐసీయూలో పెట్టేవారు, ఆ శ్రద్ధ వల్లే బతికారు. మోడల్ కంటికి బతకడం కనపడింది, శ్రద్ధ కనపడలేదు. లోపలి రూలు మనిషి చదవగలిగేలా ఉన్న మోడల్ ఒకటి ఉంది కాబట్టి ఆ సంగతి ముందే బయటపడింది. లేకపోతే అలాంటివాళ్లను మందులిచ్చి ఇంటికి పంపేసేవారు.

2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం కూడా అలాంటిదే. అమెరికాలో ఎవరికి అదనపు వైద్య సాయం కావాలో తేల్చే ప్రోగ్రామ్ జబ్బు తీవ్రతను కొలవాల్సింది పోయి, రాబోయే వైద్య ఖర్చును అంచనా వేసింది. నల్లజాతి రోగుల మీద మొదటినుంచీ తక్కువ ఖర్చు పెడుతున్నారు కాబట్టి వాళ్లు తక్కువ జబ్బుతో ఉన్నట్టు తేలారు. దాన్ని సరిచేస్తే సాయం అందాల్సినవాళ్లలో వాళ్ల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ ప్రోగ్రామ్‌కి రోగి ఏ జాతో చెప్పనే లేదు. ఏం కొలవాలో ఎంచుకున్న దగ్గరే తప్పు జరిగింది, ఎంచుకున్నది మాలాంటి మనుషులే.

ఎక్స్‌రే టెక్నీషియన్:
మీ ఇద్దరి మాటలూ ఒప్పుకుంటాను. కానీ ఏఐని మంచి డాక్టర్‌తో పోలుస్తున్నారు మీరు. నేను మాట్లాడేది ఏ డాక్టరూ లేని గది గురించి. అక్కడ పోలిక ఖాళీ కుర్చీతో.

పైగా ఇది పేదవాళ్లకు మాత్రమే అంటగట్టిన పద్ధతి కూడా కాదు. డయాబెటిస్ వల్ల కంటి లోపలి రెటీనా పొర దెబ్బతిన్నదో లేదో డాక్టర్ చూడకుండానే చెప్పే ఏఐకి, మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే అనుమతి ఇచ్చింది.

రాత్రి డ్యూటీ నర్సు:
కంటి సంగతి మీరే ఎత్తారు కాబట్టి థాయ్‌లాండ్ చూద్దాం. అదే జబ్బు కోసం గూగుల్ తయారుచేసిన ఏఐని అక్కడ 11 క్లినిక్‌లలో వాడి చూశారు, ఆ అధ్యయనం 2020లో వచ్చింది. ల్యాబ్‌లో దాని స్కోరు బ్రహ్మాండం. క్లినిక్‌లో మాత్రం నర్సులు తీసిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని అది చదవలేనని తిప్పికొట్టింది. చాలా క్లినిక్‌లలో ఫొటో తీయడానికి చీకటి గది లేదు. ఇంటర్నెట్ నెమ్మది. ఫొటో తిప్పికొట్టిన ప్రతి రోగినీ ఇంకో ఆసుపత్రికి వెళ్లి స్పెషలిస్టుకి చూపించుకోమనాలి. ఒక రోజు పని పోగొట్టుకుని వచ్చిన మనిషికి, కంట్లో ఏమీ లేదని నర్సు కంటికే కనపడుతున్నా, మళ్లీ ఇంకో రోజు పోగొట్టుకో అని చెప్పాలి. ఆ మాట చెప్పే నర్సు స్థానంలో నన్ను నేను ఊహించుకుంటే గొంతు పట్టేస్తుంది.

మీరన్న ఖాళీ కుర్చీ నిజంగా ఖాళీగా లేదు. అందులో ఒక నర్సు కూర్చుని ఉంది. ఏఐ పెట్టేముందు ఆమెను ఎవరూ అడగరు.

రోగి కొడుకు:
నేను వైద్యరంగం మనిషిని కాను. మా నాన్నగారి రిపోర్టు మీద రిస్కు తక్కువ అని రాసి ఉంటే, ఎందుకు తక్కువ అని అడిగాను. సిస్టం అలా చూపించిందన్నారు. ఏ సిస్టం అంటే ఎవరూ చెప్పలేకపోయారు. అందులో ఏఐ ఉందన్న సంగతి చాలా రోజుల తర్వాత తెలిసింది. నాన్నగారు బాగానే ఉన్నారు, అది వేరే సంగతి. ముందే చెప్పి ఉంటే ఇంకో డాక్టర్ దగ్గరకు వెళ్లేవాళ్లమేమో. ఆ అవకాశం మాకు ఇవ్వలేదు. కాలిఫోర్నియాలో 2025 నుంచి ఒక చట్టం ఉంది, ఆరోగ్య బీమా కంపెనీ వైద్యం అవసరం లేదని తిరస్కరించాలంటే ఏఐ ఒక్కటే తేల్చడానికి వీల్లేదు. కాదనే ముందు ఒక మనిషి చూడాలి. నేనడిగేదీ అంతే.

జనరల్ ఫిజీషియన్:
ఏఐ పక్కన ఒక డాక్టర్‌ని ఉంచితే సరిపోతుందన్న ధీమా కూడా వద్దు. 2025లో పోలండ్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. కొలనోస్కోపీలో, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్షలో, ఏఐకి అలవాటుపడిన అనుభవజ్ఞులైన డాక్టర్లు, ఏఐ లేకుండా చేసిన పరీక్షల్లో ముందుకంటే తక్కువ పట్టుకున్నారు. క్యాన్సర్‌కి దారితీసే కణుతులు దొరికిన పరీక్షలు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయాయి. అది పరిశీలనే, ట్రయల్ కాదు, వేరే కారణాలూ ఉండొచ్చు. కానీ చదివినప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. కాపలా ఉంచిన మనిషికే చూపు మందగిస్తే ఎలా?

ఎక్స్‌రే టెక్నీషియన్:
రాత్రంతా ఇదే ఆలోచించాను. రోగి కొడుకు గారి మాట దగ్గర ఆగిపోయాను. కాదనే ముందు ఒక మనిషి.

క్షయ విషయంలో ఏఐ "నీకు జబ్బుంది" అని తేల్చదు. అనుమానం ఉందంటుంది, తర్వాత కళ్లె పరీక్షలో ఖాయం చేసుకుంటారు. అక్కడ ఏఐ పొరపడితే ఒక పరీక్ష దండగ, అంతే. నేను ఇన్నాళ్లూ ఆ సగం గురించే వాదించాను. ఏఐ "ఏమీ లేదు" అన్నవాళ్లకు తర్వాత ఏ పరీక్షా ఉండదు, ఇంటికి వెళ్లిపోతారు. దగ్గు తగ్గకపోతే మళ్లీ రమ్మని చెప్పేవాళ్లు కూడా లేకపోతే, వాళ్లను తప్పుగా పంపామని మనకు ఎప్పటికీ తెలియదు. ఎంత స్కోరు దాటితే అనుమానించాలన్న గీత కూడా ఏ చోటికి ఆ చోట సరిచూసుకోవాల్సిందే. మా దగ్గర ఆ గీత ఎవరు గీశారో నాకు తెలియదు. ఇన్నేళ్లలో అడగనే లేదు.

ఆగమనడం అన్యాయమన్న మాట మీద మాత్రం ఇప్పటికీ ఉన్నాను.

రాత్రి డ్యూటీ నర్సు:
ఆగమని నేనూ అనను. ఏమీ లేదని పంపేసినవాళ్లలో మళ్లీ దగ్గుతో వచ్చినవాళ్లు ఎందరో మీ రిజిస్టర్‌లో దొరుకుతుందా?

ఎక్స్‌రే టెక్నీషియన్:
దొరకాలి. పోయిన మూడు నెలల పేజీలు సోమవారం తీస్తాను. గీత ఎవరిదో కూడా ఆ రోజే అడుగుతాను.