బుల్లెట్ ఇన్‌టేక్ పోర్టు పెద్దది చేయించాక లాగుడు తగ్గింది, ఎందుకు?

ప్రశ్న:
నా వద్ద 346 సీసీ పాత బుల్లెట్ ఉన్నది. గాలి ధారాళంగా వెళ్తుందనే నమ్మకంతో ఒక మెకానిక్ చేత ఇన్‌టేక్ పోర్టును (గాలి, పెట్రోలు మిశ్రమం సిలిండర్‌లోకి వెళ్లే దారిని) వెడల్పు చేయించి, అద్దంలా పాలిష్ పట్టించాను. ఇప్పుడు ఘాట్ రోడ్డులో మూడో గేరులో ఎక్కే చోట రెండో గేరుకు దిగవలసి వస్తున్నది. పొరపాటు ఎక్కడ జరిగింది?

సమాధానం 1:
పోర్టు వెడల్పులోనే జరిగిందండీ. 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) గల ఈ ఇంజను తక్కువ ఆర్‌పీఎంలో, అంటే నెమ్మదిగా తిరుగుతూ లాగడానికి రూపొందినది. పోర్టు పెద్దదైతే గాలి నెమ్మదించి, వాల్వు మూసుకునే చివరి క్షణంలో తన ఊపుతో సిలిండర్‌లోకి చొరబడవలసిన మిశ్రమం తగ్గిపోతుంది. ఇన్‌టేక్ వైపు అద్దం మెరుపు కూడా అనవసరం. గోడ కొంచెం గరుకుగా ఉంటేనే పెట్రోలు తుంపరలు దానికి అంటుకుని పాయలుగా కారవు. పాలిష్ ఎగ్జాస్ట్ వైపు చేయించుకోవచ్చు.

సమాధానం 2:
అసలు లాభం వాల్వు సీటుకు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనుకునే అంచుకు) అటూఇటూ ఉన్న సుమారు ఒక సెంటీమీటరులోనే దొరుకుతుంది. వాల్వు తీసి, వేలు పెట్టి తడిమి చూడండి: పోర్టు అడుగు భాగం సీటు వైపు తిరిగే మలుపు పదునుగా తగిలితే, గాలి అక్కడ గోడను వదిలి సుడులు తిరుగుతుంది. ఆ మలుపును నునుపుగా గుండ్రం చేసి, 30, 45, 60 డిగ్రీల మూడు కోణాలతో సీటు కోయించడమే నా దృష్టిలో సరైన పని.

ప్రశ్న వేసినవారు:
మరి ఇప్పటికే పెద్దదైన పోర్టు?

సమాధానం 2:
ఎపాక్సీతో (గట్టిపడే జిగురుతో) పూడ్చేవారు ఉన్నారు గాని, అది ఊడి ఇంజనులో పడే ప్రమాదం ఉన్నది. మంచి స్థితిలో ఉన్న పాత స్టాండర్డ్ హెడ్డు (పోర్టులు, వాల్వులు ఉండే ఇంజను పై భాగం) వెతకండి.