టెన్త్ డౌట్ల క్లాస్ జూమ్‌లో 40 నిమిషాలకే ఆగిపోతోంది, ఏం చేయాలి?

లెక్కల మాస్టారు:
అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయని రాత్రి ఏడున్నరకి జూమ్‌లో డౌట్లు చెప్తున్నా (అమ్మానాన్నలు పొలం నుంచి వచ్చాకే పిల్లల చేతికి ఫోన్ వస్తుంది మరి). నాది ఉచిత ఖాతా. నిన్న గుడిగోపురం ఎత్తు కనుక్కునే లెక్క సగంలో ఉండగా ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ లింక్ పంపితే 41 మందిలో పదకొండు మందే తిరిగొచ్చారు. మొన్నయితే ఎవడో దూరి సినిమా పాట పెట్టి పోయాడు. పిల్లలకి మాత్రం పండగే.

సోషల్ మేడం:
మాస్టారూ, గూగుల్ మీట్‌కి మారండి. ఉచిత ఖాతాలో కూడా గంట ఇస్తుంది, 55వ నిమిషంలో హెచ్చరిక వస్తుంది, వంద మంది దాకా పడతారు. స్కూళ్ళకి గూగుల్ విడిగా ఇచ్చే ఉచిత ఖాతాలో ఈ గంట గొడవే లేదు గానీ, దానికి బడి పేరు మీద డొమైన్ (సొంత వెబ్ చిరునామా) కావాలి, అది హెచ్చెం గారి టేబుల్ దాటేసరికి మీ పిల్లలు ఇంటర్‌లో ఉంటారు. జూమ్‌లోనే ఉంటానంటే వెయిటింగ్ రూమ్ పెట్టండి, పేరు ముందు రోల్ నంబర్ లేనివాణ్ణి రానివ్వకండి, స్క్రీన్ షేర్ మీ ఒక్కరికే ఉంచుకోండి. రోజూ అదే పర్సనల్ మీటింగ్ ఐడీ ఇస్తున్నారా? అలాగైతే ఆ పాటగాడు రేపూ వస్తాడు.

నెట్ పిచ్చోడు:
సార్, పిల్లల కెమెరాలు ఆపించండి ముందు. ప్రతివాడి వీడియో సర్వర్‌కి వెళ్ళి, అక్కణ్ణుంచి మిగతా అందరికీ వస్తుంది, తెరమీద ఎన్ని మొహాలుంటే ఫోన్ అన్ని వీడియోలు దించుకోవాలి. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో అది కుదరదు. మీ మొహం కూడా అక్కర్లేదు, నోటు పుస్తకం కనిపిస్తే చాలు. రెండో ఫోన్‌ని రెండు స్టీలు డబ్బాల మధ్య స్కేలు మీద స్క్రీన్ పైకి ఉండేలా పెట్టి, వెనక కెమెరాతో చూపించండి. ఆ ఫోన్లో మాత్రం ఆడియో కలపకండి, కీచుమని చెవులు పోతాయి.

టెన్త్ పిల్లాడి అమ్మ:
మావాడు మీలాంటి సార్‌కే రోజూ "అర్థమైంది సార్" అని మైక్ ఆపేసి దిండు మీద పడతాడు. నిజం చెప్పాలంటే ఇంట్లో సీరియల్ మోత, పక్కన చంటిపిల్ల ఏడుపు, మైక్ తీయాలంటే వాడికి సిగ్గు. నోటితో అడక్కండి సార్, జవాబు చాట్‌లో మీకొక్కరికే పంపమనండి.

లెక్కల మాస్టారు:
మీట్‌లో చేశా, 38 మంది చివరిదాకా ఉన్నారు. అమ్మగారూ, మీట్‌లో చాట్ పెడితే అందరికీ కనిపిస్తోంది, అందుకని జవాబులు నా వాట్సాప్‌కి పంపమన్నా. గోపురం లెక్కకి ఇరవై మంది పంపితే తొమ్మిది మంది టాన్‌కి బదులు సైన్ వేశారు, బడిలో అందరూ తలూపిన లెక్కే అది. స్కేలు ఒకసారి జారి ఫోన్ టీ గ్లాసులో పడబోయింది, ఇప్పుడు రబ్బరు బ్యాండ్ వేశా.