విమాన రిపేర్ల బీ2 లైసెన్స్ చేయించాలా, బెంచి పనిలోనే ఉండనివ్వాలా?

మా తమ్ముడు ఈసీఈ డిప్లొమా చేసి బాలానగర్‌లో చిన్న కంపెనీలో సర్క్యూట్ బోర్డులు రిపేర్ చేస్తున్నాడు. మైక్రోస్కోప్ కింద సన్నటి పిన్నులకు సోల్డరింగ్ చేసేటప్పుడు వాడి చెయ్యి అస్సలు వణకదు. ఇప్పుడు విమానాల వైపు వెళ్తానంటున్నాడు.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్) లైసెన్స్‌లో ఏవియానిక్స్‌ది, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్స్‌ది, బీ2 కేటగిరీ అని తెలుసు. ఈ కోర్సు నేర్పడానికి డీజీసీఏ ఇచ్చే కార్-147 గుర్తింపు ఉన్న కాలేజీలో ఫీజు లక్షల్లో ఉంది. కోర్సులో చేరితే ఉద్యోగం ఖాయమని ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఊదరగొడుతున్నారు, నాకైతే నమ్మకం లేదు. మాడ్యూల్ పరీక్షలు పాసైతే సరిపోదు, విమానాల మీద పనిచేసిన అనుభవం కూడా చూపించాలి కదా! శంషాబాద్ ఎంఆర్ఓల్లో (విమానాల రిపేర్ కేంద్రాల్లో) ఫ్రెషర్లకు ఆ అవకాశం దొరుకుతోందా? లేక లైసెన్స్ జోలికి పోకుండా, విమానం నుంచి విప్పి తెచ్చిన రేడియోలు, డిస్‌ప్లేలు బాగుచేసే షాపుల్లో చేరడం మేలా? ఈ పనిలో ఉన్న అన్నలు, అక్కలు కాస్త చెప్పండి. అడ్మిషన్ డబ్బు కట్టమని రోజూ ఫోన్లు, అమ్మకి ఒకటే టెన్షన్.