పత్తిలో పేనుబంక: అక్షింతల పురుగులు ఉండగా మందు కొట్టాలా?

నల్లరేగడి (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)
పత్తి 45 రోజుల పంట. వాన వెనక్కి పోయింది, మబ్బు పట్టి ఉంటోంది. చిగురాకులు ముడుచుకుంటున్నాయి, అడుగున పేనుబంక, కింది ఆకులన్నీ జిగట. ఆ పేల మధ్యనే నల్లగా, నారింజ మచ్చలతో, బల్లిపిల్లల్లాంటి పురుగులు తిరుగుతున్నాయి. కృషి కేంద్రంలో మావా (మరాఠీలో పేనుబంక) మందు అడిగితే ఎసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్ కలిపి కొట్టమంటున్నారు. ఈ నల్లవి కూడా చేటు చేసేవేనా?

చేనుగట్టు
అవి అక్షింతల పురుగు పిల్లలు అన్నా. ఆకు ముట్టవు, పేనునే తింటాయి. ఆకు అడుగున పసుపు గుడ్లు నిలువుగా, గుంపుగా ఉంటే అవీ దీనివే.

ఆ మిశ్రమం కొడితే ఇవీ పోతాయి. పేనుబంకలో ఆడది మగదానితో పని లేకుండా నేరుగా పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్లలు వారంలోపే మళ్లీ పెడతాయి. అక్షింతల పురుగుకు గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా రెండు వారాల పైనే. మందు తర్వాత మిగిలిన కాసిని పేలు ముందు తేరుకుంటాయి, తినేవి ఉండవు. రెండోసారి ఉద్ధృతి ఎక్కువయ్యేది అందుకే.

20 మొక్కలకు గుడ్డపీలికలు కట్టి గుర్తు పెట్టండి. గట్టు వెంట ఉన్నవే కాకుండా చేను లోపలివి కూడా. ఒక్కో మొక్కకు పై, మధ్య, కింది ఆకులు తిప్పి చూడండి. రెండు రోజులాగి అవే మొక్కలు చూసినప్పుడు పేను పెరగకుండా పిల్లపురుగులు పెరుగుతుంటే మందు వద్దు. చేటు పురుగు 2, దాన్ని తినే మిత్రపురుగు 1 ఉంటే మందు అక్కర్లేదనే నిష్పత్తిని పేనుబంకకు తలల లెక్కన పట్టుకుంటే ఎప్పుడూ మందే కొట్టాల్సి వస్తుంది, ఒక్క పిల్లపురుగు రోజుకు పదుల కొద్దీ తింటుంది మరి.

వేపచెట్టు
ఉబ్బి, గడ్డిరంగుకు తిరిగి ఆకుకు అతుక్కున్న పేలను కూడా మిత్రపురుగుల లెక్కలో వేయండి. వాటి లోపల పరాన్న కందిరీగ పిల్ల ఉంటుంది. గుండ్రటి రంధ్రం కనిపిస్తే అది బయటికి వెళ్లిపోయినట్టే. కాళ్లు లేని, తలవైపు సన్నబడ్డ లేతపచ్చ పురుగు పేనును తినే సిర్ఫిడ్ ఈగ పిల్ల, దాన్ని లద్దెపురుగు అనుకుని చంపేస్తుంటారు. బంక కోసం వచ్చే చీమలు మిత్రపురుగుల్ని తరుముతాయి, చీమల బారు ఉన్నచోట పేను తగ్గదు.

నల్లరేగడి
అక్షింతల పురుగుల్ని తెచ్చి వదలొచ్చా?

చేనుగట్టు
రెక్కలవి వదిలితే ఎగిరిపోతాయి. క్రైసోపెర్లా (పేనును తినే ఇంకో మిత్రపురుగు) గుడ్లు దొరికితే ఎకరాకు 4 వేల లెక్కన సాయంత్రం వదలండి. ఒక్కచోట కుప్పపోస్తే పొదిగిన పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయి, సాళ్ల వెంట చల్లాలి. ఆ ముందూ వెనకా మందు కొడితే డబ్బులు దండగ.

వచ్చే ఏడు ప్రతి 10 సాళ్లకు ఒక సాలు అలసంద వేయండి. అలసంద మీది నల్లపేను పత్తి మీద పెద్దగా నిలవదు, అక్షింతల పురుగుకు మాత్రం తిండి అవుతుంది. యూరియా ఒకేసారి గుమ్మరించకండి, లేతచిగురు పెరిగితే పేనూ పెరుగుతుంది.

వేపచెట్టు
తగ్గకపోతే ముందు 5 శాతం వేపగింజల కషాయం. 5 కిలోల పొడి 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడగట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి 100 లీటర్లు చేసుకోండి. సాయంత్రం, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి, పైపైన కొడితే పని చేయదు. అప్పటికీ లొంగకుంటే ఫ్లోనికామిడ్ ఎకరాకు 60 గ్రాములు. ఎసిఫేట్‌తో పోలిస్తే మిత్రపురుగులకు దీని దెబ్బ తక్కువ. పేను ఉన్న మడివరకే కొట్టండి, చేనంతా అక్కర్లేదు.