ఓవర్‌రైడ్: తోసిరాజనడమా, మార్పుచేర్పులా?

ప్రశ్న: నిక్స్ ప్యాకేజీ మేనేజర్ (కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను తయారుచేసి పెట్టే పనిముట్టు) మీద తెలుగులో పరిచయ వ్యాసం రాస్తున్నాను. ఓవర్‌రైడ్ (ఉన్న ప్యాకేజీని మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం) అన్న మాట అడుగడుగునా తగులుతోంది. ప్రస్తుతానికి ‘తోసిరాజనడం’ అని రాశాను. సరిపోతుందా?

జవాబు: మంచి పలుకుబడి, చదరంగం నుంచి వచ్చింది. కానీ ఇక్కడ వద్దండి. తోసిరాజన్న తర్వాత పాత మాట చెల్లదు. నిక్స్‌లో పాతదానికి ఏ లోటూ రాదు. ప్యాకేజీ తయారయ్యే విధానంలో మీరు ఏది మార్చినా కొత్త హ్యాష్ (ఆ విధానం నుంచి లెక్కగట్టిన గుర్తింపు సంకేతం) పుడుతుంది, స్టోరులో (నిక్స్ ప్యాకేజీలన్నీ ఉండే చోట) కొత్త ప్యాకేజీ వేరే పాత్‌లో చేరుతుంది. పాతదాన్ని వాడుతున్న ప్రోగ్రాములు దాన్నే వాడుకుంటాయి. (ఆ కొత్త హ్యాష్‌కు ముందే తయారుచేసి ఉంచిన ప్యాకేజీ, అలాంటివి దింపుకునే క్యాష్‌లో సాధారణంగా దొరకదు కాబట్టి మన కంప్యూటరే మొదటి నుంచి కంపైల్ చేసుకోవాలి. వ్యాసంలో ఈ మాట తప్పక చెప్పండి, కొత్తవాళ్లు కంగారు పడేది ఇక్కడే.)

పైగా అది ఒక్క పని కాదు. ‘ఓవర్‌రైడ్’ ప్యాకేజీ ఫంక్షన్‌కు అందే ఆర్గ్యుమెంట్లను మారుస్తుంది: ఒక లైబ్రరీ బదులు మరొకటి ఇవ్వవచ్చు, ఒక సదుపాయాన్ని ఆపవచ్చు. ‘ఓవర్‌రైడ్‌ఆట్ర్స్’ లోపలి వివరాల జోలికి వెళుతుంది: సోర్సు, ప్యాచ్‌లు (సోర్సుకు చేసే చిన్న సవరణలు), బిల్డ్ దశలు. అక్కడ ప్యాచ్‌ల చోట మీ ప్యాచ్ ఒక్కటే రాస్తే, అంతకుముందు ఉన్నవన్నీ ఎగిరిపోతాయి. పాత జాబితా రాసి, రెండు కూడిక గుర్తులు పెట్టి, మీది రాస్తే అవీ ఉంటాయి, ఇదీ చేరుతుంది. ఒకే ఫంక్షన్, రెండు వేర్వేరు ఫలితాలు.

వ్యాకరణం ఈ తేడాను ఎప్పుడో పట్టుకుంది: మిత్రవదాగమః, శత్రువదాదేశః. మా + అమ్మ = మాయమ్మ; ఏదీ పోలేదు, యకారం వచ్చి చేరింది. అది ఆగమం. వాడు + కొట్టె = వాడుగొట్టె; కకారం పోయి గకారం వచ్చింది. అది ఆదేశం. ప్యాచ్‌ల జాబితాలో జరిగేవి అచ్చంగా ఈ రెండే.

మరొక సభ్యురాలు: పోలిక నచ్చింది. కానీ కంప్యూటర్ రాతల్లో ‘ఆదేశం’ అంటే కమాండ్ అనుకుంటారు కదండీ. ‘ఆదేశం ఇవ్వండి’ అని చదివితే టెర్మినల్ తెరుస్తారు.

జవాబు: నిజమేనండి, ఒప్పుకుంటున్నాను. అయితే శాస్త్రం మాట వదిలి వాడుక మాటే తీసుకుందాం. ‘మార్పుచేర్పులు’ అని రోజూ అంటూనే ఉన్నాం. ఆదేశానికి మార్పు, ఆగమానికి చేర్పు. మొత్తం వ్యవహారానికి మార్పుచేర్పులు. ఫంక్షన్ల పేర్లను మాత్రం అనువదించకుండా అలాగే ఉంచండి, కోడ్‌లో వెతుక్కునేవాళ్లకు దారి తప్పకూడదు.

ప్రశ్న: బాగుంది. మరి ఓవర్‌లేలో (మొత్తం ప్యాకేజీల సమూహానికి మార్పుచేర్పులు చేసే ఫంక్షన్‌లో) వచ్చే ప్రీవ్, ఫైనల్?

జవాబు: అక్కడ వ్యాకరణం మాటలే హాయిగా నప్పుతాయి. ప్రీవ్ పూర్వరూపం, అంటే ఈ ఓవర్‌లే తాకకముందు ఉన్నది. ఫైనల్ సిద్ధరూపం, ఓవర్‌లేలన్నీ పనిచేశాక తేలేది. పాత కోడ్‌లో వీటినే సూపర్, సెల్ఫ్ అనేవారు. మార్చే ప్యాకేజీని పూర్వరూపం నుంచే తీసుకోవాలని గట్టిగా రాయండి. సిద్ధరూపం నుంచి తీసుకుంటే దాని నిర్వచనం దాని మీదే ఆధారపడుతుంది, నిక్స్ అనంత పునరావృతి అని లోపం చూపి ఆగిపోతుంది. తర్కంలో దీన్ని ఆత్మాశ్రయ దోషం అంటారు. వ్యాసంలో ఆ పేరు వాడితే నేను సంతోషిస్తాను.